తొడిమ చెయ్యి

త్యాగరాజు చెక్క సుత్తితో ఇత్తడి గంట మీద ఒక్క దెబ్బ వేశాడు. ఆ మోత పూర్తిగా ఆగేదాకా హాల్లో ఎవరూ కదల్లేదు. స్నేహబంధు సేవా క్లబ్బు వారం వారం మీటింగు ఇలాగే మొదలవుతుందని అక్షర తరగతి చెప్పే రాజరాజేశ్వరి టీచరు ముందే చెప్పింది. అయినా జైనాబీ ఉలిక్కిపడింది. వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని, రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. కొబ్బరినూనె పట్టించి మూడుసార్లు సబ్బుతో కడిగినా వేళ్ళకి మిరప ఘాటు వదల్లేదు. పక్క కుర్చీలో ఉన్నాయన రెండుసార్లు తుమ్మి, కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నాడు.

త్యాగరాజు ప్లీడరు. ఈ ఏడు క్లబ్బుకి ప్రెసిడెంటు. మెడలో నీలం రిబ్బనుకి పెద్ద పతకం వేలాడుతోంది. ఆయన కూర్చున్నప్పుడల్లా అది బల్లకి తగిలి టక్కున చప్పుడవుతోంది. పోయిన వారం చేసిన పనులు చదివారు. స్కూలుకి ఇచ్చిన బెంచీలు, నాటిన మొక్కలు, పుట్టినరోజులు ఎవరెవరివో. ఒక్కో మాటకీ చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు మన అక్షర తరగతి నుంచి జైనాబీ గారు," అన్నాడు సెక్రటరీ ఆత్రేయ.

గారు అన్న మాట ఎవరి గురించో అన్నట్టు ఆమె అలాగే కూర్చుంది. రాజరాజేశ్వరి టీచరు వెనక్కి తిరిగి లెమ్మని కళ్ళతో సైగ చేసింది. జైనాబీ మైకు ముందుకు వెళ్ళి, మడిచిన కాగితం విప్పి, అక్షరాల కింద వేలు పెట్టింది.

"నా పేరు జైనాబీ. నేను నల్లపాడు రోడ్డులో మిర్చి షెడ్డులో తొడిమలు తీస్తాను. రెండేళ్ళ కిందట నేను వేలిముద్ర వేసేదాన్ని. ఇప్పుడు నేను సంతకం పెడతాను. బస్సు బోర్డు చదువుతాను. మందు సీసా మీద పేరు చదువుతాను."

'సీసా' దగ్గర ఒకసారి ఆగి, కూడబలుక్కుని ముందుకు పోయింది. చదవడం అయ్యాక కూడా వేలు చివరి అక్షరం మీదే ఉంది. హాలంతా చప్పట్లు కొట్టింది. రాజరాజేశ్వరి టీచరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ఆత్రేయ లేచి, ఆదివారం జరగబోయే కంటి శిబిరం సంగతి చెప్పాడు. ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరరతను. చేతిలో ఫోను చూస్తూనే మాట్లాడతాడు. "షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళకే ఈ శిబిరం. పోయినేడు ఫారాలన్నీ నేనొక్కణ్ణే రాశాను. ఈసారి సగం నేను, సగం జైనాబీ గారు రాస్తాం. మన దగ్గర చదువు నేర్చుకున్న మనిషి మన శిబిరంలో ఫారాలు రాస్తోందంటే, గవర్నరు గారికి అంతకన్నా ఏం చూపిస్తాం?"

గవర్నరంటే ఈ క్లబ్బులన్నిటికీ జిల్లా పెద్ద. వచ్చే గురువారం మీటింగుకి వస్తున్నాడు.

ముందు వరసలో ఒక పెద్దాయన మెల్లగా అడిగాడు. "పోయినేడు ఒకావిడకి కన్ను పోయింది గదండీ. ముబీనో ఏదో పేరు. ఆ సంగతి..."

"కట్టు విప్పి నీళ్ళు తగిలించుకుంది," అన్నాడు త్యాగరాజు. "మన తప్పు గానీ ఆసుపత్రి తప్పు గానీ లేదు. ఆత్రేయ గారూ, ఈ ప్రశ్న మినిట్స్‌లో రాయకండి."

ఆత్రేయ రాయలేదు. గంట మీద మళ్ళీ ఒక దెబ్బ పడింది.

*

శనివారం షెడ్డులోకి తేజ రకం మిర్చి వచ్చింది. కోల్డు స్టోరేజీ నుంచి తెచ్చిన టిక్కీ బస్తాలు కోసి గుమ్మరించేసరికి, ముక్కులకి గుడ్డలు కట్టుకున్నా నలభైమందీ ఒక్కసారిగా దగ్గారు. కాయలు మెత్తబడటానికి మేస్త్రి నీళ్ళు చిలకరించి పోయాడు. ఆడవాళ్ళు గోతాల మీద వరసలుగా కూర్చున్నారు. ఒక చేత్తో కాయ పట్టుకుని, రెండో చేతి బొటనవేలి గోరుతో తొడిమ విరిచి పక్కన పడేస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. ఆ షెడ్లలో కుడి, ఎడమ అనరు. కాయ పట్టుకునేది కాయ చెయ్యి. తొడిమ తీసేది తొడిమ చెయ్యి. పక్కకి జరగమనాలన్నా, నొప్పి ఎటువైపో చెప్పాలన్నా ఆ రెండు మాటలే.

"ఏమే జైనా, క్లబ్బోళ్ళు నీకు కుర్చీ వేశారంటగా!" అంది సంతోషకుమారి. వరస చివర, గోడ పక్కన ఆమె చోటు. నడి వరసలో కూర్చుంటే మోచేతులు తగిలి పక్కదానితో పోట్లాట వస్తోందని మేస్త్రి ఏళ్ళ కిందటే ఆమెను అక్కడ కూర్చోబెట్టాడు.

"వేశారు. ప్లాస్టిక్‌ది."

"నీ బరువుకి ఇరగలా?"

వరసంతా నవ్వింది. నవ్వితే ఘాటు లోపలికి పోయి మళ్ళీ దగ్గారు.

జైనాబీ శిబిరం సంగతి చెప్పింది. నవ్వులు ఆగిపోయాయి. అందరి చూపూ స్తంభం దగ్గర కూర్చున్న ముబీన్ మీదికి పోయింది. ముబీన్ కుడి కంటి రెప్ప గుంటలోకి దిగిపోయి ఉంటుంది. ఎడమ కంట్లో పొర. కాయను వేళ్ళతో తడిమి, తొడిమ ఎక్కడుందో చూసుకుని విరుస్తుంది. మంచికాయకీ, తెల్లబడ్డ తాలుకాయకీ తేడా తెలియదు కాబట్టి మేస్త్రి ఆమెకి ఏరిన కాయలే పోయిస్తాడు.

"పోండి, పోండి," అంది ముబీన్ తల ఎత్తకుండా. "నేను కాయ చేతి వైపు కన్నని చెప్పా. వాళ్ళు తొడిమ చేతి వైపు కోశారు. చీము పట్టింది. నీళ్ళు తగిలించుకున్నావన్నారు. నేను ఏం నీళ్ళు తగిలించుకున్నానే? ఎవురికి చెప్పినా ఇనరు."

"నువ్వు చెప్పింది ఒకటి, భయంలో నోటికొచ్చింది ఒకటి అయ్యుంటదిలే పిన్నీ," అంది ఎవరో. ఏడాదిగా అందరూ అదే అంటున్నారు. ముబీన్ ఇంకో కాయ తడిమి అందుకుంది.

సంతోషకుమారి చేతిలో కాయ కింద పెట్టింది. "నేనొస్తా గానీ పోయిన కన్నే ఇస్తా. దాన్ని ఏం చేసినా నాకు కొత్తగా పొయ్యేదేం లేదు. కనపడే కన్ను మాత్రం ఎవుర్నీ ముట్టుకోనియ్యను. తాలుకాయ ఏదో చూసేది దాంతోనేగా."

"మేమూ అంతే," అన్నారు ఇద్దరు ముగ్గురు. మధ్యాహ్నం అన్నాలు తినేటప్పటికి అది షెడ్డు మొత్తానికీ కట్టుబాటైపోయింది. ఎవరు వెళ్ళినా చూపు పోయిన కన్నే ఇవ్వాలి.

"రాసేది నువ్వేనంటగా?" అంది సంతోషకుమారి.

"సగం నేను, సగం ఆత్రేయ సారు."

"నేను నీ కాడే రాయించుకుంటా. నువ్వు రాస్తే నాకు భయం లేదు."

*

ఆదివారం స్కూలు వసారాలో రెండు బల్లలు వేశారు. గేటుకి బ్యానరు కట్టారు. తరగతి గదిలో డాక్టరు ఒక్కొక్కరి కంట్లోకీ లైటు వేసి చూసి చీటీ ఇస్తున్నాడు. చాలామందికి రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయి. "రెండూ ఉన్నవాళ్ళు ముందు ఏది చేయించుకుంటారో ఫారంలో రాయించుకోండి. అక్కడ దాన్నిబట్టే చేస్తారు," అన్నాడు డాక్టరు.

రాజరాజేశ్వరి టీచరు జైనాబీ రైక భుజానికి క్లబ్బు బ్యాడ్జీ పెట్టి, కొత్త పెన్ను ఇచ్చింది. "ఒత్తులు చూసుకో. కంగారు పడకు." ఫారంలో పేరు, వయసు, ఊరు, ఏ కన్ను అని ఉన్నాయి. అడుగున 'వివరాలు రాసినవారి సంతకం' అని ఒక గీత. మొదటి ఫారం కింద సంతకం ఆమె ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ పెట్టింది. నాలుగోది ఒక్క ఊపులో పెట్టేసింది.

"ఏ కన్నండీ?" అని పక్క బల్ల దగ్గర ఆత్రేయ అడుగుతున్నాడు.

"కాయ చేతి వైపు, బాబూ."

"ఆఁ, కాయ చెయ్యి. మీ భాష నాకు పోయినేడే వచ్చేసింది," అని నవ్వుతూ రాసేశాడు.

అంత చదువుకున్నవాడు తమ మాట నేర్చుకున్నాడని జైనాబీకి ముచ్చటేసింది. ఆమె బల్ల ముందు వరస పెరిగిపోతోంది.

"జైనాబీ గారూ, కొంచెం స్పీడు," అన్నాడు ఆత్రేయ. "మధ్యాహ్నానికి బస్సు లిస్టు పంపాలి."

ఆమె వేగం పెంచింది. పేరు రాస్తుండగానే వయసు అడిగింది. వయసు రాస్తుండగానే ఊరు అడిగింది. పదో ఫారం దాటాక తల ఎత్తడం మానేసింది. గాజుల చెయ్యి ఒకటి బల్ల మీదికి వస్తుంది, ఒక గొంతు చెబుతుంది, పెన్ను కదులుతుంది. తొడిమ చేతి వైపంటే 'కుడి'. కాయ చేతి వైపంటే 'ఎడమ'.

"నేనేనే," అంది సంతోషకుమారి. చర్చి నుంచి తిన్నగా వచ్చింది. తెల్లచీర, చేతిసంచీలో బైబిలు.

"వయసు?"

"నీకు తెలీదా? అరవై వెయ్యి."

"ఏ కన్ను?"

"చెప్పా గదా. పోయిన కన్ను. తొడిమ చేతి వైపుది."

జైనాబీ 'కుడి' అని రాసింది. డ గుడి పొందిగ్గా వచ్చింది. సంతోషకుమారి ముందుకి వంగి, కాగితాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఇందులో నా పేరు యాడుంది?" జైనాబీ వేలు పెట్టి చూపించింది. సంతోషకుమారి ఆ అక్షరాలను ఒకసారి తడిమి చూసుకుంది. "ముద్దుగా రాశావే," అంది. ఆ మాటకి జైనాబీ తల ఎత్తి నవ్వింది. అప్పుడే ఆత్రేయ ఫోనుతో ఫొటో తీశాడు.

"నెక్స్ట్," అన్నాడు.

*

సోమవారం పొద్దున ఆ రోడ్డు షెడ్లన్నిటి నుంచీ కలిపి ముప్ఫై ఎనిమిదిమందితో బస్సు వెళ్ళిపోయింది. ఆపరేషన్లు మంగళవారం. షెడ్డులో వరసలు పలచబడ్డాయి. శనివారం మిగిలిపోయిన గుట్టలు ముందు తేల్చాలని మేస్త్రి మనుషుల్ని సర్దాడు.

"జైనాబీ, నువ్వు ఆ గోడ కాడ కూర్చో. సంతోషకుమారి గుట్ట సగంలో ఉంది."

జైనాబీ గోడ పక్కన గోతం మీద కూర్చుని, మూతికి గుడ్డ కట్టుకుని, వేళ్ళకి నూనె రాసుకుంది. ముబీన్ దగ్గు వినబడుతోంది. అలవాటు కొద్దీ కాయ కోసం ఎడమ చెయ్యి పక్కకి చాపింది. గుప్పెట్లోకి కాయలు రాలేదు. ఎండు తొడిమలు వచ్చాయి.

విదిలించి మళ్ళీ చాపింది. మళ్ళీ తొడిమలే. తల తిప్పి చూసింది. కాయల గుట్ట కుడి పక్కన ఉంది. తొడిమలు ఎడమ పక్కన పోగుపడి ఉన్నాయి.

షెడ్డులో ఇంకెవరి చోటైనా గుట్ట ఎడమ పక్కనే ఉంటుంది. ఈ ఒక్క చోటే తిరగేసి ఉంది. ఎందుకు తిరగేసి ఉందో ఆమెకి తెలుసు. సంతోషకుమారిది పుర్రచేతి వాటం. పదకొండేళ్ళుగా తెలుసు. అందుకే మోచేతులు తగిలేవి. అందుకే ఈ గోడ పక్క చోటు. అందరూ కాయ పట్టుకునే చేత్తో సంతోషకుమారి తొడిమ తీస్తుంది.

జైనాబీ గుప్పెట్లో తొడిమలు అలాగే ఉన్నాయి. నిన్న బల్ల ముందు వినబడిన మాట మళ్ళీ వినబడింది. పోయిన కన్ను, తొడిమ చేతి వైపుది. అంటే ఎడమ కన్ను. తను రాసింది కుడి.

"ఏందే అట్టా ఉండావు? కళ్ళలో పడిందా?" అంది పక్కావిడ.

"ఫోను ఉందా నీ కాడ? సంతోషకుమారికి చెయ్యి."

సంతోషకుమారి ఫోను ఆపేసి ఉంది. వెళ్ళినవాళ్ళ ఫోన్లూ గాజులూ సంచుల్లో కట్టి ఆసుపత్రిలో తీసేసుకుంటారని నిన్న ఆత్రేయే చెప్పాడు. జైనాబీ లేచింది. మేస్త్రి వెనక నుంచి అరుస్తున్నా ఆగలేదు.

ఫారాల నకళ్ళు రాజరాజేశ్వరి టీచరు ఇంట్లో ఉన్నాయి. టీచరు కట్ట విప్పి, ఆ కాగితం వెతికి తీసింది. జైనాబీ దాని మీద వేలు పెట్టింది. కుడి. గుండ్రంగా, పొందిగ్గా ఉంది.

"ఆమెకి ఎడమ కన్నమ్మా పోయింది. కుడిది కనపడేది. ముబీన్ కన్ను పోయిందని భయపడి, పోయిందే ఇస్తానంది. నేను కనపడేది రాశాను."

"డాక్టర్లు చూడకుండా చేస్తారా జైనాబీ?"

"రెండిట్లోనూ ఉంటే కాగితాన్నిబట్టే చేస్తామని ఆ డాక్టరే అన్నాడు గదమ్మా. మీరూ అక్కడే ఉన్నారు."

టీచరు కాగితం మడిచి ఫోను తీసింది. త్యాగరాజుకి చేసింది. ఆయన ఇద్దరినీ ఆఫీసుకి రమ్మన్నాడు.

త్యాగరాజు బల్ల మీద ఆ రోజు పేపరు ఉంది. లోపలి పేజీలో జైనాబీ ఫొటో, పెన్ను పట్టుకుని నవ్వుతూ. ఆయన నకలు అందుకుని పైనుంచి కిందికి చదివాడు. గొంతు పెంచలేదు.

"కింద సంతకం ఎవరిది?"

"నాదే సార్."

"తెలుసు గదా. రేపు ఏదన్నా తేడా వస్తే ఈ కాగితం ఎవరి పేరు చెబుతుంది? నాది కాదు. ఆత్రేయది కాదు. నీది." కాగితం మడిచి పేపరు కింద పెట్టాడు. "నీ మంచి కోసమే చెబుతున్నా. ఏమీ కాదు. రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయి. ఏదో ఒకటి ముందు చేయాల్సిందే గదా."

"ఆమె ఇస్తానన్నది అది కాదు సార్. ముబీన్ కూడా..."

"ఆ పేరు ఎత్తొద్దు." మొదటిసారి ఆయన ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు. "గురువారం గవర్నరు గారి ముందు నువ్వు చదవాలి. తప్పు రాసిందని తెలిస్తే నీ తరగతి ఉంటుందా? టీచరు గారి రెండేళ్ళ కష్టం ఏమవుతుంది? ఆసుపత్రికి నేను ఫోన్ చేస్తాలే. ఇంటికెళ్ళు."

టీచరు తల వంచుకుని చేతి గాజులు సర్దుకుంటోంది. త్యాగరాజు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. జైనాబీ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూసింది. ఆయన ఫోనును బల్ల మీద బోర్లా పెట్టి, పేపరు మళ్ళీ విప్పుకున్నాడు.

*

మంగళవారం తెల్లారి మొదటి బస్సుకే జైనాబీ బయల్దేరింది. బోర్డు తనే చదువుకుంది. దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. పత్తి లారీలు బస్సుకి అడ్డం పడుతూ పోతున్నాయి. రెండుసార్లు బస్సు ఆగిపోయింది. ఆగినప్పుడల్లా ఆమె కొంగు ముడిలో ఉన్న బ్యాడ్జీని గట్టిగా నొక్కి పట్టుకుంది.

హైవే పక్కన తెల్లటి మూడంతస్తుల ఆసుపత్రి. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. ఆమె బ్యాడ్జీ తీసి చూపించింది. "స్నేహబంధు క్లబ్బు. ఫారాలు రాసిన మనిషిని," అంది. అతను దారి ఇచ్చాడు.

మేడ మీద పొడుగాటి వరండా. గోడ వెంట బెంచీల మీద షెడ్డు ఆడవాళ్ళు పచ్చ గౌన్లు వేసుకుని, తలలకి గుడ్డలు కట్టుకుని కూర్చున్నారు. అందరూ ఒకేలా ఉన్నారు. ఎవరెవరో పోల్చుకోవడానికి ఆమెకి కొంచెంసేపు పట్టింది. ఆపరేషను చేయాల్సిన కంటికి గుర్తుగా ఒక్కొక్కరికి ఒక కనుబొమ పైన తెల్ల పట్టీ అతికించి ఉంది. చుక్కల మందు కారి చెంపలు తడిగా ఉన్నాయి. వరండా చివర రెండు తలుపులు, పైన ఎర్ర బల్బు. నర్సు వచ్చి ఒక పేరు పిలిచింది. ఒకామె లేచి తలుపు లోపలికి వెళ్ళింది. మిగిలినవాళ్ళు బెంచీ మీద ఒక చోటు ముందుకి జరిగారు.

ఇప్పుడు తలుపు పక్కన మొదటి మనిషి సంతోషకుమారి. పట్టీ కుడి కనుబొమ మీద ఉంది.

జైనాబీ నర్సు చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఈమెది ఆ కన్ను కాదు. ఎడమ కన్ను. ఫారంలో తప్పు పడింది."

"ఫారంలో కుడి అని ఉంది."

"తప్పమ్మా."

"మేం మార్చకూడదండీ. పేషెంట్లు భయానికి ఏదో ఒకటి చెబుతుంటారు. రాసినవాళ్ళొచ్చి దిద్ది సంతకం పెట్టాలి. వాళ్ళు తప్ప ఎవరు చెప్పినా కుదరదు."

"రాసింది నేనే."

నర్సు ఆమె నూనె వేళ్ళ వంక, నలిగిన చీర వంక చూసింది. ఫైలు తెచ్చి ఫారం తీసింది. "ఈ సంతకం మీదేనా?"

"నాదే," అంది జైనాబీ.

నర్సు పెన్ను ఇచ్చింది. జైనాబీ కిటికీ గట్టు మీద కాగితం పెట్టి, 'కుడి' మీద అడ్డంగా గీత కొట్టింది. పైన 'ఎడమ' అని రాసింది. నర్సు చెప్పమంటే పక్కనే రాసింది. 'నేను తప్పు రాశాను. ఈమె చెప్పింది ఎడమ.' ఇందులో టీచరు దిద్దాల్సింది ఏమన్నా ఉందేమోనని ఒకసారి చదువుకుంది. కింద సంతకం పెట్టింది. నర్సు రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టి చూసి, లోపలికి వెళ్ళి డాక్టరుతో మాట్లాడి వచ్చింది. సంతోషకుమారి కుడి కనుబొమ మీది పట్టీ పీకేసి, ఎడమ వైపు కొత్తది వేసింది. పీకినప్పుడు రెండు వెంట్రుకలు ఊడి వచ్చాయి.

"ఇస్," అంది సంతోషకుమారి. తర్వాత తడి కళ్ళతో పైకి చూసింది. "జైనానా?"

"నేనేనే. పట్టీ తప్పు వైపు వేశారని నీకు తెలియలా? ఒక్క మాట అడగొద్దా?"

"తెలిసింది. ఇటేశారేందా అనుకున్నా." సంతోషకుమారి కనుబొమ రుద్దుకుంది. "నువ్వు రాశావు గదా. చదువుకున్నదానివి. ఊరికే రాయవులే అనుకుని ఊరుకున్నా."

జైనాబీ బెంచీ చివర గోడకి ఆనుకుంది. వరసంతా ఆమె వైపే చూస్తోంది.

"నాది కూడా ఓసారి చూడు జైనా," అంది పక్కనున్నామె.

జైనాబీ నోరు తెరిచి ఏ కన్నని అడగబోయి ఆగింది. "నోటితో చెప్పొద్దు. ఏ కన్ను ఇస్తామని వచ్చారో దాని మీద అరచెయ్యి పెట్టి మూసుకోండి. అందరూ."

వరండా పొడుగునా చేతులు లేచాయి. పచ్చ గౌన్ల ఆడవాళ్ళు ఒక్కొక్కరు ఒక కన్ను మూసుకుని, ఇంకో కన్నుతో ఆమెను చూస్తున్నారు. చెయ్యి ఉన్న వైపే పట్టీ ఉండాలి. ముందు సంతోషకుమారి, సరిగ్గా ఉంది. తర్వాతామె, సరిగ్గా ఉంది. ఆ తర్వాతామె కూడా. నాలుగో మనిషి షాజాదీ. ముసలిది, వరసలో అందరికన్నా పెద్దది. చెయ్యి ఎడమ కంటి మీద ఉంది. పట్టీ కుడి కనుబొమ మీద ఉంది.

"షాజాదమ్మా, నీది పుర్రచెయ్యి కాదు గదా?"

"కాదమ్మా."

"ఎవరికి ఏమని చెప్పావు?"

"ఆ సారుకే. కాయ చేతి వైపని చెప్పా."

జైనాబీ బెంచీ వెంట ముందుకి నడిచింది. ఆరో మనిషి చెయ్యి ఒక వైపు, పట్టీ ఒక వైపు. ఏడో మనిషి కూడా. తొమ్మిదో మనిషి కూడా. మీ భాష నాకు పోయినేడే వచ్చేసింది, అన్నాడు ఆత్రేయ. కాయ పట్టుకునే చెయ్యంటే తన కుడి చెయ్యే అనుకున్నాడు. నేను కాయ చేతి వైపని చెప్పా, అంది ముబీన్. ఏడాది నుంచీ అంటూనే ఉంది.

నర్సు ఫైలులోంచి షాజాదీ ఫారం తీసి చూపించింది. గొలుసుకట్టు రాత. కింద సంతకం ఇంగ్లీషులో ఉంది. జైనాబీకి ఆ అక్షరాలు రావు. అయినా ఎవరిదో తెలిసింది.

"ఇది మీరు రాసింది కాదు గదండీ," అంది నర్సు. ఆమె గొంతు కూడా తగ్గింది. "ఆయన్నే రమ్మనండి."

నర్సు ఫోనుతోనే చేశారు. ఆత్రేయ ఎత్తలేదు. రాజరాజేశ్వరి టీచరు ఎత్తింది. జైనాబీ చెప్పింది. "అమ్మా, ఆయన్ని తీసుకుని రండి," అంది జైనాబీ. "రాసినవాళ్ళే దిద్దాలంట." ఫోను ఆగిపోయింది. కట్ అయిందో, పెట్టేసిందో తెలియలేదు.

సంతోషకుమారిని పిలిచారు. ఆమె జైనాబీ చెయ్యి ఒకసారి నొక్కి లోపలికి వెళ్ళింది. ఎర్ర బల్బు వెలిగింది. బెంచీ మీద అందరూ ఒక చోటు ముందుకి జరిగారు. జరిగేటప్పుడు కూడా చేతులు దించలేదు. ఇంకొకరిని పిలిచారు. మళ్ళీ జరిగారు. ఇంకొకరు వెళ్ళారు. ఇప్పుడు తలుపు పక్కన మొదటి మనిషి షాజాదీ.

జైనాబీ ఆమె ముందు కింద కూర్చుని, కంటి మీది అరచేతిని తన రెండు చేతులతో అదిమి పట్టుకుంది. మిరప ఘాటుకి ముసలామె తుమ్మింది.

"షాజాదమ్మా, ఈ చెయ్యి తియ్యమాక," అంది. "ఎవురు తియ్యమన్నా తియ్యమాక."

తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి పేరు పిలిచారు.